మూల మీది బెంచీ

"కుక్కల్ని పట్టిచ్చిన, మోరీ మీద బండలేయించిన, కొత్త బూట్లు కొనుక్కొచ్చిన. ఇంకేం కావాలె నీకు నడవనీకి?" భార్య మీద ఒంటికాలిపై లేచాడు సాంబమూర్తి.

రోజూ అరగంట నడవకపోతే షుగరు కాళ్లను తినేస్తుందని దవాఖానలో చెప్పి నెలైంది. విమలమ్మ మాత్రం కొత్తవాడ గల్లీలోకి దిగదు. ఇంట్లోనే, మగ్గానికీ వంటింటికీ మధ్య తిరుగుతుంది.

"మూల మీది పాన్‌డబ్బా దాటుడు నాతోని కాదయ్యా."

"ఆడ పులులున్నయా? నడువు, ఇయ్యాల నేనొస్త."

ముఖం కనపడకుండా కొంగు చుట్టుకుని ఆమె ముందు నడిచింది. అతను తలుపుకు తాళం వేసి వెనకాల బయల్దేరాడు.

పాన్‌డబ్బా ముందు బెంచీ మీద ముగ్గురున్నారు. ఆమె దగ్గరికి రాగానే మాటలాపారు. మూడు జతల కళ్లు బూట్ల నుంచి పైకి పాకాయి. ఒకడు ఏదో అన్నాడు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు.

విమలమ్మ గిరుక్కున తిరిగి, భర్త పక్కనుంచే ఇంటి దిక్కు వెళ్లిపోయింది.

సాంబమూర్తి పిడికిలి బిగించి బెంచీ ముందుకొచ్చాడు. వాళ్లు నవ్వుతూనే జరిగి చోటిచ్చారు.

"రా సాంబన్నా, నీ జాగ ఖాళీగనే ఉంచినం. గల్లీల ఆడోళ్లందరికి పేర్లు వెట్టింది నువ్వేనాయె. జర ఈ బూట్లామెకు గూడ ఒకటి వెట్టు."