తెల్లకారు మీద సిమెంటు

సోలాపూర్‌లో పెళ్ళి చూసుకుని మూడు రోజుల తరువాత ముంబైలో దిగిన మంగేష్, తను బాడుగకు నడిపే తెల్లకారును తానే గుర్తుపట్టలేదు.

బానెట్ నుంచి డిక్కీ దాకా సిమెంటు చుక్కలు. ఎండి రాళ్ళై కూర్చున్నాయి.

కామాటిపుర పదకొండో గల్లీలో ఒంటిగదుల వరుసలున్న పాత చాల్ పడగొట్టి టవర్ కడుతున్నారు. దాని రేకుల గోడ పక్కనే కారు పెట్టి పోయాడు. ముంబైలో పిల్లయినా దొరుకుతుంది గానీ పార్కింగ్ దొరకదని అతనే అంటుంటాడు.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి దాదర్‌లో ఒక హోటల్ వాళ్ళు కారు చూస్తారు. నచ్చితే నెలనెలా ఖాయంగా పని. నచ్చకపోతే ఎప్పటిలాగే ఫోన్ మోగితేనే పొయ్యి వెలుగుతుంది.

వెళ్ళి టవర్ గేటు బాదాడు. తాళం వేసి ఉంది. లోపల పని జరుగుతున్న చప్పుడే లేదు.

“ఎవడు పోసిండో గానీ ఆని చేతులు ఇరగ. ఆనికి సచ్చినా సుకముండది,” అని గల్లీకంతా వినిపించేలా తిట్టాడు.

“తిట్టకు బిడ్డా.”

కారు చాటు నుంచి ఒకామె లేచింది. యాభై దాటి ఉంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చేతిలో గుడ్డసంచి. మాట పాలమూరుది. కూలీ మనిషని అరచేతులే చెబుతున్నాయి.

“నువ్వే పోసినవా?”

“మావోల్ల చేతిలకెల్లి పడ్డది. నేను తీసేస్త. నీ కోసమే నిన్నటి సంది ఎదురుసూస్తున్న.”

“పత్తర్ అయిందది. గీకినవంటే రంగు పోతది.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమోనని అతని భయం. ఫాక్‌లాండ్ రోడ్డు గ్యారేజీకి ఫోన్ చేశాడు. రెండు రోజులు పడుతుందన్నారు. చేతిలో ఉన్నది ఒక్క పూట.

“గీకను. ముప్పయ్యేండ్లు సిమెంటు మోసిన. దానికి తీపి పడదు, పులుపు పడదు.”

సంచిలోంచి బెల్లం, చింతపండు తీసి డబ్బా నీళ్ళలో పిసికింది.

“కారుకు పచ్చిపులుసు జేస్తున్నవా?” అన్నాడు మంగేష్.

ఆమె నవ్వలేదు. పాత చీర చింపి, ఆ నీళ్ళలో ముంచి చుక్కల మీద పరిచింది. ఆరుతున్న కొద్దీ మళ్ళీ తడిపింది. అలా రెండు మూడు గంటలు కారు చుట్టూ తిరుగుతూనే ఉంది.

అప్పుడు బొటనవేలితో మెల్లగా నిమిరితే, చుక్కలు నానిన సున్నంలా రాలాయి. మొత్తం నీళ్ళతో కడిగింది.

“బస్, సాలు,” అన్నాడు మంగేష్.

ఆమె పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి దూర్చి బానెట్ మీద రాసింది. “ఇంకా ఉన్నది. సూడు.”

అతనూ కవర్ తొడుక్కుని రాశాడు. నూక మీద చెయ్యి పెట్టినట్టుంది. కంటికి కనపడనిది చేతికి తెలుస్తోంది.

ఆమె గోధుమపిండి ముద్ద తీసింది. పొద్దున రొట్టెలకని పిసికిందట. తినబుద్ధి కాలేదట. రంగు మీద సబ్బునీళ్ళు చల్లి, ఒత్తకుండా ముద్దను జరిపింది. నల్లబడినప్పుడల్లా మడిచి, తెల్లటి వైపు తిప్పింది. ఒక ముక్క కింద పడితే దాన్ని మళ్ళీ ముట్టలేదు. “మన్ను అంటింది. గీతలు పడతయి,” అంది.

మధ్యమధ్య టైమెంతని అడుగుతోంది.

“ఏడికన్న పోవాల్నా?”

“మూడు గంటలకు రమ్మన్నరు.”

ఎవరు రమ్మన్నారో అతను అడగలేదు.

రెండున్నరకల్లా కారు కొత్తదానిలా మెరిసింది. మంగేష్ పర్సు తీశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“పైసలొద్దు. మాఫ్ జేసిన అని ఒక్క మాట అను బిడ్డా. పొద్దుగాల తిట్టిన తిట్టు వాపస్ తీస్కో.”

ఎంత చిన్న కోరిక అది. కానీ మంగేష్‌కు పొద్దుటి మంట ఇంకా చల్లారలేదు. మేస్త్రీకి చెప్పి పని ఊడబీకిస్తానని భయపడుతోంది కాబోలు, కాస్త భయం ఉండటం మంచిదే అనుకున్నాడు.

“ముందుగాల కారు పాస్ కానీ. సాయంత్రం జెప్త.”

ఆమె సంచి చంకన పెట్టుకుంది. రెండు చేతులూ జోడించి, గబగబా గల్లీ దాటి వెళ్ళిపోయింది.

దాదర్‌లో హోటలాయన బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు. ఒకటో తారీకు నుంచి రమ్మన్నాడు.

తిరిగి వస్తుంటే మంగేష్‌కు సిగ్గనిపించింది. పొద్దంతా చాకిరీ చేసిన మనిషి ఒక్క మాట అడిగితే నోరు రాలేదు తనకి. దారిలో దూద్‌పేడాలు కొన్నాడు. ఆరింటికి టవర్ దగ్గర కారు ఆపితే, సాయంత్రం డ్యూటీకొచ్చిన వాచ్‌మన్ బాలయ్య గేటు ముందు కూర్చుని ఉన్నాడు.

“బాలయ్య కాకా, మీ కూలీ అవ్వ ఏడున్నది? పాలమూరామె. నా కారు మీద సిమెంటు పోసిందని తిట్టిన. మాఫ్ జేసిన అని జెప్పాలె.”

“ఎల్లమ్మనా?” బాలయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఎవ్వలకు జెప్పొద్దన్నడు మేస్త్రీ. ఆమె ఈడ కూలీ గాదురా.”

“మరి?”

“మొన్న ఆ సిమెంటు బకెట్‌తోని పన్నెండో అంతస్తు మీదికెల్లి పడి సచ్చిపోయిన సాయిలుకు తల్లి; కొడుకు మీద ఎవ్వల తిట్టూ లేకుండ మట్టిల పెట్టాల్నని నీ కాడ కూసున్నది, దవాఖానల శవాన్నిచ్చిండ్రని ఇందాకనే ఊరికి తీస్కపోయింది.”