0.8 గిగాహెర్ట్జ్

చీకటి పడగానే అమలాపురంలో కరెంటు పోయింది. రత్నరాజు రిపేరు షాపులో కెజియా అనే కాలేజీ పిల్ల లాప్‌టాప్ ఒక్కటే బ్యాటరీ మీద వెలుగుతోంది.

పోయిన నెల ఆ పిల్ల రిపేరుకి తెస్తే, రత్నరాజు దాని ప్రాసెసర్ వేగాన్ని ఛార్జర్ పెట్టకుండా, ఏ పనీ చెయ్యకుండా ఉన్నప్పుడు కొలిచాడు. 0.8 గిగాహెర్ట్జే చూపించడం చూసి "ప్రాసెసర్ పోయిందమ్మా" అనేశాడు. బ్యాటరీ ఆదాకి వేగం దానంతటదే తగ్గించుకుంటుందని ఆలోచించలేదు. లాప్‌టాప్ లేక, ప్రాజెక్టు టైపు చేసుకోడానికి స్నేహితురాలి ఇంటికని పడవెక్కిన ఆ పిల్ల గోదాట్లో పడి చనిపోయింది.

"పార్టులకైనా పనికొస్తుందేమో చూడండి" అని వాళ్ళ నాన్నగారు నిన్న తెచ్చి ఇచ్చారు.

ఉన్నట్టుండి ఫ్యాను తిరిగింది. పని పడితే తప్ప ఎక్కని వేగం అంకె తెర మీద 3.4కి ఎక్కింది. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు.

"ఛార్జర్ పెట్టి చూడాల్సిందమ్మా," అన్నాడు రత్నరాజు. "తప్పు నాదే."

ఫ్యాను ఆగింది. ఎవరో టైపు చెయ్యడం ఆపి వింటున్నట్టు అంకె 0.8కి దిగింది. ఇంకా అక్కడే ఉంది.