కింది గొట్టం

మూడో చాలు తిరక్కముందే ట్రాక్టర్ మళ్లీ ఆవిరి కక్కింది.

నికనోర ఇంజన్ ఆపి దిగింది. మొక్కజొన్న విత్తే అదును దాటిపోతోంది. కాసాపా జిల్లాలోని ఆ పల్లెలో దున్నకుండా మిగిలింది ఆమె పొలమొక్కటే.

"అమ్మా, నేనొకసారి చూడనా?"

కంచె అవతల ఎవరో ముసలాయన. బూట్ల నిండా ఎర్రదుమ్ము, భుజాన సంచీ. ఆ చుట్టుపక్కల ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"చూసి ఏం చేస్తావు పెద్దాయనా? మా ఎలాదియో మూడుసార్లు విప్పాడు. ఇంజన్ పనైపోయిందన్నాడు."

ఆయన రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. కింది గొట్టాన్ని తాపీగా తడిమాడు.

"పైది కాలిపోతోంది. కిందిది చల్లగా ఉంది. నీళ్లు తిరగడం లేదమ్మా. ఇంజన్ నిక్షేపంలా ఉంది. ఈ కింది గొట్టంలోనే ఏదో అడ్డుంది."

"అందులోకి అడ్డెలా వస్తుంది?"

"రాలేదు. పెట్టారు." ఆయన తల దించుకున్నాడు. "విప్పినవాడే పెట్టాడు."

నికనోరకి ఒళ్లు మండిపోయింది.

ఎలాదియో ఆమె కూతురి బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడినవాడు. ఆమె మొగుడు పోయినప్పుడు శవపేటిక మోసినవాడు. 'నీకెందుకొదినా ఈ అవస్థ, పొలం నాకు కౌలుకిచ్చెయ్' అని మొన్న కూడా జాలిపడ్డాడు.

"మా మనిషిని అనడానికి నువ్వెవడివయ్యా? నడుస్తావా, కుక్కని వదలనా?"

"గొట్టం విప్పి చూడు తల్లీ, చాలు."

ఆయన వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇంజన్ చల్లారాక, ఆ మాట అబద్ధమని తేల్చడానికే ఆమె గొట్టం విప్పింది.

వేళ్లకి గుడ్డ తగిలింది. లాగింది. మూరెడు వచ్చింది.

చేతులు తుడుచుకొమ్మని ఎలాదియోకి తానే ఇచ్చిన తువ్వాలు.

నికనోర గొట్టం మళ్లీ బిగించింది.

నీళ్లు నింపి, అదే ట్రాక్టర్ మీద ఎలాదియో ఇంటికి వెళ్లింది. దారి పొడుగునా ఇంజన్ వేడెక్కలేదు.

గుమ్మంలో అతని భార్య ఒబ్దూలియా. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మీ ఆయనేడి?"

"లోపలున్నాడు వదినా. నీకు ముఖం చూపించలేడు."

"అతని సంగతి తర్వాత. పొద్దున మా పొలానికొక ముసలాయన వచ్చాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఎటు పోయాడో చూశావా?"

"ఇందాకే బస్సెక్కేశాడు."

"నీకు తెలిసినవాడేనా?"

ఒబ్దూలియా గౌను చేతికి ముఖం తుడుచుకుంది.

"దూరపు ఊరినుంచి నిన్ననే చుట్టపుచూపుగా వచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర ఈయన నీకు చేసింది గొప్పగా చెప్పుకున్నాడు. అది విని, ఇక ఈ గడప తొక్కనని వెళ్లిపోయాడు వదినా, మా మామగారు."