నల్లమందు నడక

బేతంచెర్ల స్టేషన్ దగ్గర జట్కా తోలే లేవి, తన గుర్రం కడుపునొప్పితో పొర్లుతుంటే చూడలేక, హకీము ఇచ్చిన నల్లమందు చెప్పినదానికి రెండింతలు బెల్లంలో పెట్టి మింగించాడు.

రాత్రికి నొప్పి పోయింది. గుర్రం మాత్రం పడుకోలేదు. పాకలో గుండ్రంగా నడవడం మొదలెట్టింది. పిలిచినా చెవి కదల్చలేదు.

హకీము వచ్చి లాంతరెత్తి దాని కళ్లలోకి చూశాడు. "భయపడొద్దప్పా లేవీ. మందు ఎక్కువై నిద్రలోనే నడుస్తాండాది. తెల్లారితే మత్తు దిగుతాది," అని వెళ్లిపోయాడు.

లేవి అరుగు మీద కూర్చుని డెక్కల చప్పుడు వింటూ ఉండిపోయాడు. స్టేషన్ నుంచి చర్చికి పట్టేంత సేపు నడిచి గుర్రం ఆగింది. ఆదివారాలు ఆ చర్చి గేటు దగ్గరే అతని భార్య విశ్వాసమ్మ బండెక్కి పక్కన కూర్చునేది. ఆమె పోయి ఏడాదైంది.

పాకలో చడీచప్పుడు లేదు. ఒక ఆడమనిషి చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కి కూర్చునేంత సేపు.

మళ్లీ డెక్కలు కదిలాయి. ఈసారి బరువుగా, బండిలో ఒకరు ఎక్కినట్టు. బండేమో గుర్రం కట్టకుండా వాకిట్లోనే ఉంది.

లేవి అరుగు మీద కొంచెం పక్కకు జరిగి, చోటిచ్చాడు.