భీమిలి దాకా

కనకరత్నం కేన్సరుతో పోయినప్పుడు ఆమె కోసం ఈ ఊళ్ళో ఒక్కడూ పరుగెత్తలేదు. అందులో ఆమె మొగుడు భీమశంకరరావుకి అనుమానమేమీ లేదు.

ఇప్పుడు పక్కింటి శుభాకర్ కూతురికి అదే జబ్బు. శుభాకర్ పొద్దున్న తొమ్మిదిలోగా భీమిలి దాకా పరుగెత్తి చూపిస్తే, ఆఫీసువాళ్ళు వైద్యానికి చందా ఇస్తామన్నారు. నీళ్ళ సీసాలతో స్కూటరు మీద వెనకాల వెళ్ళే పని భీమశంకరరావుకి పడింది.

భీమిలి ఇంకో రెండు మైళ్ళుందనగా పిక్క పట్టేసి శుభాకర్ రోడ్డు పక్కన కూలబడ్డాడు.

"ఇంక నా వల్ల కాదు బాబాయ్."

"బండెక్కు."

"దొరికిపోతాం. ఎంత స్పీడులో వెళ్తన్నానో ఫోన్లో వాళ్ళకి కనపడతాది."

"ఎవడు పరిగెడతన్నాడో కనపడతాదా?"

"అది కనపడదు."

"అయితే ఇలా తే."

భీమశంకరరావు ఆ ఫోను జేబులో వేసుకుని, స్కూటరు తాళం అతని చేతిలో పెట్టి, పంచె ఎగ్గట్టాడు.

"మోసం కదా బాబాయ్?"

"మోసమే. మీ పిన్ని కోసం నాను నిజాయితీగా గడప గడపకీ వెళ్ళి అడిగాను. ఏటిచ్చారు?"

శుభాకర్ బండి మీద వెనకాల వచ్చాడు.

భీమిలి చేరి, రొప్పుతూ గట్టు మీద కూర్చుని భీమశంకరరావు ఫోను తిరిగిచ్చాడు. ఇంకా తొమ్మిది కాలేదు.

"ఆ రోజు మా గడపకీ వచ్చారు బాబాయ్. ఇంట్లో ఉండి కూడా నాను తలుపు తియ్యలేదు."

"తెలుసు. కిటికీలోంచి కనపడ్డావు."

శుభాకర్ కుంటుతూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడైనా క్షమించారా?"

"లేదు. నీళ్ళియ్యి."

సీసా ఖాళీ చేసి భీమశంకరరావు లేచాడు.

"ఆ తలుపు మాటా, ఈ పరుగు మాటా ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నానూ ఎత్తను."