మేస్త్రీ బిందె

"ఏయ్, ముట్టొద్దప్పా! ఆ బిందె నీది కాదు!"

తాయమ్మ కేకకు తెల్లాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఉగాది మరుసటి రోజు. కోసిగి దగ్గరి ఆ ఊళ్ళో బావికి పూజ.

పూజయ్యాక తోడిన మొదటి బిందె నీళ్ళు ఎవరూ తాగరు. పసుపు కుంకుమ పెట్టి గట్టు మీద ఉంచుతారు. అది బావి కట్టిన మేస్త్రీ ఇంటివాళ్ళది.

దాదాపు నూటయాభై ఏళ్ళ కిందటి ధాత కరువులో, రైలు వంతెనల పనికి వచ్చిన మేస్త్రీ ఎవరో ఈ బావి తవ్వించి కట్టాడనీ, దాంతోనే ఊరు బతికిందనీ పెద్దల మాట. ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఆ ఇంటివాళ్ళు ఎన్నడూ రాలేదు. పొద్దు గూకాక ఆ నీళ్ళు మళ్ళీ బావిలోనే పోస్తారు.

"దప్పికైందంటవ్వా," అన్నాడు, ఆదోని నుంచి ఆయన్ను తీసుకొచ్చిన కారు డ్రైవర్ జయరాం. "పాత కట్టడాలు సూడనీకి వచ్చినాడు. ఐర్లాండు ఆయప్పది."

"యాడిదైతేనేం. నా బిందెలోవి పోస్తా. అది మాత్రం మేస్త్రీ ఇంటోళ్ళకి."

"ఇంకా వస్తారనే ఉండావా అవ్వా?" పక్కనున్న మల్లేశ్వరి నవ్వింది. "వాళ్ళూ మన మాదిరే గుంటూరు తట్టు మిరపకాయలు కోయనీకి సుగ్గికని వలస పోయింటారు."

"నవ్వుకో. నేను సచ్చేలోపల ఆ ఇంటోళ్ళు ఒక్కరన్నా రావల్ల. నా చేత్తో పోస్తే తాగల్ల. అదే నా కోరిక."

జయరాం ఆ మాటలన్నీ తెల్లాయనకు ఇంగ్లీషులో చెప్పాడు.

ఆయన పసుపు బిందె వైపు చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాడు.

తాయమ్మ తన బిందె వంచింది.

తాగుతూ తాగుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"నీళ్ళకే ఏడుస్తాండాడే!" అంది మల్లేశ్వరి.

"ఊరుకోయే. ఎండకు సొమ్మసిల్లినట్లుండాడు, పాపం."

ఆయన బావి మెట్ల రాళ్ళను ఒక్కొక్కటే నిమిరి, తాయమ్మకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

పొద్దు గూకింది. తాయమ్మ పసుపు బిందె ఎత్తి బావిలో వంచబోతుంటే జయరాం ఒక్కడే మళ్ళీ వచ్చాడు.

"ఆయప్ప రైలెక్కినాడవ్వా. నీ కోరిక తీరిందని సెప్పి రమ్మన్నాడు."

"నా కోరికా? ఎప్పుడు తీరె? ఇదో, ఈ ఏడూ బిందె అట్లనే ఉండాదే!"

"అప్పుడే సెప్తే, అరిసినందుకు నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నాడంట."

తాయమ్మ బిందె కింద పెట్టింది.

"వాళ్ళ దేశంలోనూ కరువొచ్చిందంటవ్వా. మనం సుగ్గికి పోతాం సూడు, అట్లనే వాళ్ళ ముత్తాత కూలికని ఓడెక్కి ఈడికి వచ్చినాడంట. ఈ ఊరి బావి సంగతి ఇంటికి రాసిన జాబులో ఉండాదంట. పొద్దున నీ చేతి నీళ్ళు తాగింది మేస్త్రీ మునిమనవడే."