సంతకం లేని గోనెబొమ్మలు

“ఈ మూడింట్లో మీ ఆయన వేసింది ఏదమ్మా?” అన్నాడు రామమూర్తి.

చౌడమ్మ మూడింటినీ మార్చి మార్చి చూసింది. మదనపల్లె హాల్లో గోడకు ఆనించిన ఆ గోనెపట్టాల మీద కన్ను లేదు, ముక్కు లేదు. అన్నీ ఎర్ర మరకలు, నల్ల మరకలు. ఏ పుట్టలో ఏ పాముందో ఆమెకేం తెలుసు?

పంతొమ్మిది వందల అరవైల్లో పుంగనూరులో గంగులయ్య, కృపానందం, చౌడమ్మ భర్త సిద్దప్ప అని ముగ్గురు స్నేహితులు. పట్టుపురుగుల షెడ్డు ఖాళీ అయితే చాలు, తలుపేసుకుని గోనెల మీద ఆకారం లేని బొమ్మలు వేసేవాళ్లు. ఎవరూ సంతకం పెట్టకూడదని ఒట్టు. ఊరంతా నవ్వింది. ఇప్పుడు, ముగ్గురూ పోయాక, ఆ రకం బొమ్మలకు వాళ్లే ఆద్యులంటూ పేర్లతో రాయి చెక్కిస్తున్నారు!

“మిగతా ఇద్దరి పేర్లూ పాత పత్రికలో దొరికాయి,” అన్నాడు బొమ్మల మీద పుస్తకాలు రాసే రామమూర్తి. “సిద్దప్పగారు షెడ్డు మాత్రమే ఇచ్చారని కొందరంటున్నారు. ఆయన బొమ్మ ఏదో రుజువుతో చూపిస్తే ఆయన పేరూ చేరుస్తాం. రాయి కుప్పంలో చెక్కుతున్నారు, సాయంత్రానికి పేర్లు చెప్పెయ్యాలి.”

షెడ్డిచ్చినోడంట! గోళ్లలో రంగు వదలక, ఆ చేత్తోనే సంగటి తిన్న మనిషి ఆయన.

“నాయినది యాదో సెప్పుమ్మా,” కూతురు మునీశ్వరి చెవిలో గొణిగింది.

“అన్నీ ఒగే మాదిరి ఉండాయి గదే!”

“గుడ్డెద్దు సేలో పడినట్టు యాదో ఒగటి సూపిచ్చొద్దు. తప్పయితే నాయిన పేరు ఇంక ఎప్పటికీ రాదు.”

చౌడమ్మ అటు నడిచింది, ఇటు నడిచింది. చివరికి మధ్య బొమ్మను వంచి, దాని వెనక్కి తొంగి చూసింది.

“ఇదేనప్పా. మా ఆయనది.”

“ఎలా చెప్పగలరు?”

“ఎనకపక్క సూడు. రెండు గోనెలు ఇప్పి జత కుట్టింది నేనే. మూడు కుట్లకు ఒగ ముడి. నా కుట్టు నాకు తెలీదా?” అంటూ తను కుట్టుకున్న చేతిలోని గోనెసంచి అంచు చూపించింది.

రామమూర్తి కళ్లద్దాలు సర్దుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. అదే పురికొస, అదే ముడి. పక్కనున్న బొమ్మను కూడా తిప్పబోయాడు. అంతలో చౌడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బావురుమంది. పాపం, రామమూర్తి ఆ బొమ్మను వదిలేసి ఆమెకు కుర్చీ వేయించాడు.

“ఏడవకండమ్మా. ఇంతకంటే రుజువేం కావాలి!” అని అక్కడికక్కడే కుప్పానికి ఫోన్ చేశాడు. “మూడో పేరు రాసుకోండి. సిద్దప్ప.”

పుంగనూరు బస్సులో కూర్చున్నాక గానీ మునీశ్వరి ఊపిరి పీల్చుకోలేదు.

“నాయిన గోనె నువ్వు కుట్టినావు కాబట్టి సరిపోయింది. లేకుంటే ఏమయిపోయుండునో!”

చౌడమ్మ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“ముగ్గురి గోనెలూ నేనే కుట్టినానే.”